ఒక్కపూట ఒంటరిగా తిరిగితే పిల్లలు చెడిపోరు

"పనీ పాటా లేక తిరుగుతున్నాడు." మన పల్లెల్లో ఒక కుర్రవాణ్ణి గురించి ఇంతకంటె చెడ్డమాట లేదు. ఇందుకు కారణం లేకపోలేదు. సాలుకు సుమారు 550 మి.మీ. వర్షం, అదీ అదనుకు పడుతుందో లేదో తెలియని నేల మనది. ఇక్కడ ఒక పూట వృథా అయితే ఒక పూట కూలి పోయినట్లే. పెద్దల భయం అర్థం చేసుకోదగినదే.

అయితే తిరుగుళ్ళన్నీ ఒక్కటి కావు. నలుగురిని వెంటేసుకుని బస్టాండు దగ్గర పొద్దు పుచ్చడం ఒక తిరుగుడు. మనసులో ఏదో తెలుసుకోవాలని పుట్టి, దానికోసం ఒక్కడే వెళ్ళి, తీరికగా చూసి రావడం మరొకటి. ఈ రెండవది లేనిచోట కొత్త పని పుట్టదు. ఇందుకు సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు.

లేపాక్షి స్తంభాలు, ధర్మవరం అంచులు

హిందూపురానికి సుమారు 15 కి.మీ. దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించినది. 2022లో జిల్లా రెండైనప్పుడు లేపాక్షి, ధర్మవరం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. కాగితాల మీద వేరైనా అవి మనకు పరాయివి కావు.

సెలవు దినాల్లో లేపాక్షికి జనం గుంపులుగా వస్తారు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతారు. నంది ముందు ఫోటో దిగుతారు. వెళ్ళిపోతారు. అందులో తప్పేమీ లేదు. కాని అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణమండపం పక్కన లతామండపం ఉంది. దాని స్తంభాల నిండా లతలు, పువ్వులు, పక్షులు చెక్కి ఉన్నాయి. స్తంభం స్తంభానికీ నమూనాలు మారుతుంటాయి. గుడి పైకప్పు చిత్రాల్లోని స్త్రీల చీరల మీద కూడ ఎన్నో రకాల చారలు, పూలు, గళ్ళు కనిపిస్తాయి. ధర్మవరం పట్టుచీరల అంచులకు, కొంగులకు ఎక్కిన నమూనాలు ఎన్నో ఇక్కడివే.

రాతి మీది లత దానంతట అది చీర మీదికి రాదు. ఎవరో ఒకరు ఆ స్తంభం ముందు కూర్చుని, దాని మెలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపెట్టాలి. గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపాలి. అట్టలు కొట్టించి జాకార్డుకు ఎక్కించాలి. గుంపుతో వెళ్ళినవాడు గుంపు ఆగినచోట ఆగుతాడు. ఒక్కడే వెళ్ళినవాడికి తన కన్ను నిలిచినచోట నిలబడే వీలుంటుంది.

పోటీ ఎవరితో?

ఈనాడు చేనేతకు మరమగ్గంతో పోటీ. 1985 నాటి చట్టం కొన్ని రకాలను చేనేతకే కేటాయించినా నకళ్ళు ఆగలేదు. కొత్త అంచు బజారుకు వచ్చిందంటే దాని నకలు వెనుకనే వస్తోంది. ధరలో మరమగ్గాన్ని ఓడించడం చేనేత కార్మికుని వల్ల కాదు. అతని చేతిలో మిగిలిన బలం తరువాతి డిజైను ఒక్కటే.

ఆ డిజైను ఎక్కడనుంచి రావాలి? మన పిల్లలు సెల్‌ఫోనులో వెతుకుతున్నారు. అందులో దొరికేది సూరత్‌లోని మిల్లువానికీ దొరుకుతుంది. కాని మన ఊరి పాత గుడి గడప మీది చెక్కడం, ఎండిన చెరువులో మట్టి పగిలిన తీరు, వేరుశనగ చేలో తెల్లవారి సాలీడు గూడు మనవాడు వెళ్ళి చూస్తే తప్ప బయటికి రావు. ఇది చేనేతకే చెల్లే మాట కాదు. బొమ్మలు చేసేవారికి, వడ్రంగికి, కథ రాయాలనుకునేవారికి, బావి మోటారు బాగుచేసే కుర్రవానికి కూడ చెల్లుతుంది.

ఒక్కరి ఆసక్తి చాలు

కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల్లో విస్తరించి ఉంది. తరతరాలుగా మనవాళ్ళు ఆ నీడన కూర్చున్నారు. బెంగుళూరుకు చెందిన పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ ఆసక్తితో దాన్ని పరిశీలించి వెలుగులోకి తెచ్చిన తరువాత, 1989లో అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. చెట్టు పాతదే, చూపు కొత్తది.

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో వజ్రాలకోసం జనం తలవంచి నడవడం మనకు తెలియనిది కాదు. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్ళు బయటపడతాయని వారి ఆశ. వజ్రం దొరికేది ఏ ఒక్కరికో. ఆ శ్రద్ధతోనే మన ఊరి పరిసరాలను చూస్తే ఉత్తచేతులతో వచ్చేవారు ఉండరు.

ఆడపిల్లల సంగతి

"తిరిగి ఆడది, తిరక్క మగవాడు చెడతారు" అని సామెత. మగపిల్లల విషయంలో ఈ సామెతను మరచి, ఆడపిల్లల విషయంలో మాత్రం గుర్తుపెట్టుకుంటున్నాము. కండెలు చుట్టేది ఆడవారు, చీర కట్టేది ఆడవారు. ఆ చీర మీద ఏ పువ్వు ఉండాలో ఆలోచించే తీరిక మాత్రం వారికి అక్కరలేదా? దూరం పంపడానికి భయమైతే ఊరి గుడి, చెరువుకట్ట, తెలిసినవారి తోట ఉన్నాయి. దారి భద్రంగా ఉండేలా చూడడం ఊరివారందరి బాధ్యత.

జాగ్రత్తలు కూడ అవసరమే. ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో చెప్పి పోవాలి. నీళ్ళు వెంట ఉండాలి. గట్టు లేని బావులు, పాత క్వారీ గుంతల దగ్గరికి పోకూడదు. పొద్దు గూకకముందే ఇల్లు చేరాలి. శిల్పాల మీద పేర్లు గీకకూడదు.

దసరా సెలవుల్లో ఒక్కపూట పిల్లలను ఇలా పంపి చూడండి. తిరిగి వచ్చాక "ఎంతసేపు తిరిగావు?" అని గద్దించకుండా "ఏం చూశావు?" అని అడగండి. ఉపాధ్యాయులు ఒక బొమ్మగానో, పది వాక్యాలుగానో రాయించి గోడకు అంటించండి. ఇందుకు గ్రాంటు అక్కరలేదు, వర్షం కోసం కాచుకోనక్కరలేదు. తలిదండ్రుల అనుమతి ఉంటే చాలు.