ఆ తండ్రి మిగిల్చిన పని



మళ్ళీ జనవరి 23 వచ్చింది. మందిరంలో గ్రాహం స్టెయిన్స్ పేరు తలుచుకుంటాం. ఒక పాట పాడతాం, రెండు నిమిషాలు మౌనంగా నిలబడతాం, ఇంటికెళ్ళి భోంచేస్తాం. ఈసారి కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం మనల్ని మనం ఒక్క మాట అడుగుదాం. మన పంక్తిలో ఎవరికి చోటు లేదు?

ఆయనది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్. 1965లో, 24 ఏళ్ళ వయసులో ఒడిశాలోని బారిపదకు వచ్చాడు. అక్కడి కుష్ఠు రోగుల ఆశ్రమంలో చేరాడు. ఒడియా, సంతాలీ, హో భాషలు నేర్చుకున్నాడు. 1983లో గ్లాడిస్‌ను పెళ్ళాడాడు. ఆమె నర్సు. ఆయన పనిని ఆమె తన పనిగా చేసుకుంది. ఒక కూతురు, ఇద్దరు కొడుకులు పుట్టారు. తోబుట్టువులే ముట్టుకోని మనుషుల నడుమ ఆ దంపతులు కాపురం పెట్టారు, అక్కడే పిల్లల్ని పెంచారు. తమ బిడ్డలు వేరు, ఆ రోగులు వేరు అనే గీత ఆ ఇంట్లో లేదు.

1999 జనవరి. ఊటీలో చదువుకుంటున్న పిల్లలకు సెలవులు. కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని ఆయన కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో జరిగే కూడికలకు వెళ్ళాడు. చలికాలం. రాత్రి ముగ్గురూ బండిలోనే పడుకున్నారు. 22 అర్ధరాత్రి దాటాక ఒక గుంపు వచ్చి ఆ బండికి నిప్పు పెట్టింది. కాపాడబోయిన ఊరివాళ్ళను దగ్గరకు రానివ్వలేదు. తండ్రికి 58 ఏళ్ళు. ఫిలిప్‌కు పదేళ్ళు, తిమోతికి ఆరు.

ఇక్కడ ఆగిపోతే మనకు కన్నీళ్ళు మిగులుతాయి, కోపం మిగులుతుంది. గ్లాడిస్ ఆగలేదు. చంపినవాళ్ళ మీద తనకు ద్వేషం లేదని, క్షమించానని ఆమె లోకమంతా వినేలా చెప్పింది. నేరానికి శిక్ష వేయడం కోర్టుల పని, అది అవి చేశాయి. ఆమె తన పని తాను చేసింది. కూతుర్ని తీసుకుని మర్నాడే విమానం ఎక్కేయలేదు. బారిపదలోనే మరో ఐదేళ్ళుండి ఆశ్రమం నడిపింది. భర్త పేరిట 2004లో అక్కడ ఆసుపత్రి వెలిసింది. 2005లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది.

సహోదరులారా, క్షమించడమంటే మంచి మాట ఒకటి చెప్పి ఊరుకోవడం కాదు. చనిపోయినవాడి చేతిలోంచి జారిన పనిని తన చేతిలోకి తీసుకోవడం. ఆ పనిలో మన వంతు ఏది?

ముందు ఆ జబ్బు సంగతి తెలుసుకుందాం. కుష్ఠు సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. హాన్సెన్ అనే నార్వే వైద్యుడు 1873లోనే దాన్ని కనిపెట్టాడు. అది శాపం కాదు, వంశ దోషం కాదు, పూర్వపాపం కాదు. చాలామంది ఒంట్లో దానికి సహజంగానే ఎదురుతిరిగే శక్తి ఉంటుంది. ఒంటిమీద పాలిపోయిన మచ్చో, ఎర్రటి మచ్చో వస్తుంది. అక్కడ గిల్లినా తెలియదు. అదే మొదటి గుర్తు. వేడి గిన్నె పట్టుకున్నా చురుకు తెలియదు, కాలికి ముల్లు దిగినా తెలియదు, అందుకే పుళ్ళు పడతాయి, వేళ్ళు పోతాయి. మచ్చ దగ్గరే పట్టుకుంటే ఇదేదీ జరగదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. రోగ తీవ్రతను బట్టి ఆరు నెలలు, లేదా ఏడాది మింగాలి. మందు మొదలుపెట్టాక అంటించే గుణం త్వరగా పోతుంది.

మందు చిక్కింది. మరి మనిషి ఎందుకు దాక్కుంటున్నాడు? మనకు భయపడి. మన దేశంలో భార్యకో భర్తకో కుష్ఠు వస్తే, ఆ కారణం చూపి విడాకులు అడిగే వీలు 2019 దాకా చట్టంలో ఉండేది. పార్లమెంటు దాన్ని తీసేసింది. కాగితం మీద అక్షరం పోయింది, పెళ్ళిచూపుల్లో గుసగుస పోయిందా? 'వాళ్ళింట్లో ఆ జబ్బు ఉందట' అన్న ఒక్క మాటకు ఎన్ని సంబంధాలు తప్పిపోవడం లేదు?

మన మందిరాల సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రసంగ పీఠం మీంచి కుష్ఠును పాపానికి గుర్తుగా ఎన్నిసార్లు వాడలేదు మనం! లేవీయకాండంలో చెప్పిన లక్షణాలు ఈనాటి కుష్ఠుతో సరిపోలవని బైబిలు పండితులు ఎప్పుడో చెప్పారు. వెనక బెంచీలో తువ్వాలు కప్పుకుని చేతులు దాచుకున్న పెద్దాయనకు ఆ ప్రసంగం ఎలా వినిపిస్తుందో ఆలోచించామా? ప్రభువు తన దగ్గరికి వచ్చిన కుష్ఠు రోగిని బాగుచేశాక ముట్టుకోలేదు. ముందు ముట్టుకున్నాడు, తరవాత బాగుచేశాడు. ఆ వరసను మనం తిరగేశాం.

ఈ పని మన నేలకు కొత్తది కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కలిసి 1915లో కుష్ఠు ఆసుపత్రి కట్టించారు. దానికి విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడ్, ఒక హిందూ దాత. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. సేవాగ్రాంలో గాంధీ తన చేతులతో పర్చురే శాస్త్రి అనే కుష్ఠు రోగి పుళ్ళు కడిగాడు. గాంధీ కన్నుమూసిన జనవరి 30ని కుష్ఠు వ్యతిరేక దినంగా దేశం పాటిస్తోంది. స్టెయిన్స్ పోయిన రోజుకీ ఆ రోజుకీ మధ్య సరిగ్గా వారం. ఈ వారం మనది!

యవ్వనస్థులారా! ఆశా కార్యకర్తతో కలిసి మీ పేటలో ఇంటింటికీ వెళ్ళండి. స్పర్శ లేని మచ్చ ఉందేమో అడగండి. ఉంటే 'వెళ్ళి చూపించుకో' అని చెప్పి తిరిగి రావద్దు. బండెక్కించి తీసుకెళ్ళండి. మందు ఆఖరి మాత్ర దాకా మింగేలా చూడండి. ఎవరి ఇంట మచ్చ కనిపించిందో ఆ మాట మీ నోటి నుంచి బయటికి పోకూడదు.

స్త్రీల సమాజపు తల్లులారా! పుండు కడిగేవాళ్ళు లేని ముసలివాళ్ళు మీ చుట్టుపక్కల ఉంటారు. గృహ ప్రార్థనల వరసలో వాళ్ళ ఇల్లు కూడా చేర్చండి. వాళ్ళిచ్చిన టీ తాగి రండి. ఎన్ని ప్రార్థనలకైనా ఆ గ్లాసెడు టీ సాటి.

సంఘ పెద్దలారా! స్పర్శ పోయిన పాదాలకు మెత్తటి ప్రత్యేక చెప్పులు కావాలి. రావలసిన పింఛనుకు కాగితాలు కావాలి. కానుకల పెట్టెలో కొంత దీనికి తీసిపెట్టండి. రోగి మన సంఘస్థుడా, మన మతంవాడా అని మాత్రం అడగకండి.

తండ్రులారా! మీకు ఒక మాట. స్టెయిన్స్ తన కొడుకుల్ని ఎక్కడికి తీసుకెళ్ళేవాడో గుర్తుంచుకోండి. పిల్లలకు ఆస్తి ఇస్తాం, చదువు ఇస్తాం. మనం ఎవరి పక్కన కూర్చుంటామో చూసి వాళ్ళు నేర్చుకునేది మాత్రం వేరే ఎవరూ ఇవ్వలేరు.

జనవరి 30న మందిరంలో ప్రేమవిందు పెట్టండి. ఊరి చివర ఉంటున్న కుష్ఠు బాధిత కుటుంబాన్ని మీరే వెళ్ళి పిలవండి. విడిగా కాదు, వెనక కాదు, పంక్తి మధ్యలో వాళ్ళకు ఆకు వేయండి. వాళ్ళకు అటూ ఇటూ మీ పిల్లల్ని కూర్చోబెట్టండి. ఆ తండ్రికి మనం పెట్టగల జ్ఞాపకార్థ కూడిక అదే.