బాడీ కాదు బాబూ, లెన్సు!

మా శృంగవరపుకోట ఫొటోలు చూసి కొలీగ్స్ అడిగేదొకటే: "ఏ కెమెరా కొనాలి?" నన్నడిగితే, సెకండ్‌హ్యాండ్ బాడీ చాలు. మిగిలింది 50ఎమ్ఎమ్ ఎఫ్/1.8 లెన్సు మీద పెట్టండి. పుణ్యగిరి చెట్ల నీడలో కిట్ లెన్సు ఎఫ్/5.6తో తీస్తే అన్నీ అలుక్కుపోయాయి. 1.8 అయితే దాదాపు పదింతల వెలుగు! మెగాపిక్సెల్స్ గొడవ ఎందుకండీ?

రా ఫార్మాట్‌లోనే తీయండి. అక్కడే మా తాతయ్యని జేపెగ్‌లో తీశాను, మొహం నల్లగా వచ్చింది. 8 బిట్లలో నీడలో ఏం మిగుల్తుంది, నా బొంద! రాలో 12, 14 బిట్లుంటాయి, కొంతైనా లాగొచ్చు. ఎడిటింగ్‌కి నెలనెలా చందాలు అక్కర్లేదు. డార్క్‌టేబుల్, గింప్ ఉచితమే. వాటితోనే ఇప్పటికీ ఆ ఫొటోతో కుస్తీ పడుతున్నా. మళ్ళీ తీద్దామంటే తాతయ్య లేరు.