రేపల్లె బండిలో అనకూడని మాట

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బండిలో తరచూ వినబడే మాట ఇది: "పేదోడికి కూడు లేదు, మనకి రాకెట్లెందుకండీ? ఆ డబ్బుతో ఎంతమందికి అన్నం పెట్టొచ్చు!" చుట్టూ కూర్చున్నవాళ్లు తలలూపుతారు. చదువుకున్నవాళ్లూ ఊపుతారు. ఆ మాట తప్పు. ముఖ్యంగా ఉప్పెన చూసిన తీరానికి పోయే ఆ బండిలో కూర్చుని అనడం మరీ తప్పు.

1977 నవంబరు 19న తుపాను వెంట వచ్చిన ఉప్పెన కృష్ణ ముఖద్వారం దగ్గరి దివిసీమను ముంచేసింది. ఇటు రేపల్లె వైపు తీరాన్నీ వదల్లేదు. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. అప్పటికి మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద పైకి వెళ్లి రెండేళ్లయింది గానీ, అది మబ్బుల్ని కనిపెట్టే ఉపగ్రహం కాదు. పరాయి దేశాల ఉపగ్రహాలు మన మీదుగా పోయినప్పుడు చిక్కిన బొమ్మలే దిక్కు.

1990 మే 9న మళ్లీ ఆ కృష్ణ ముఖద్వారం దగ్గరే, ఇంచుమించు అంత బలమైన తుపానే తీరం దాటింది. ఈసారి చనిపోయినవారు వెయ్యిమంది లోపే. ఈ రెండింటి మధ్య, 1983లో మన ఉపగ్రహం ఇన్శాట్-1బి పైకి చేరింది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూమితో పాటే తిరుగుతూ, బంగాళాఖాతం మీద రేయింబవళ్లు కన్నేసి ఉంచింది. జనాన్ని ఊళ్లలోంచి కదిలించిన రెవెన్యూ ఉద్యోగులు, పోలీసులు, తుపాను షెల్టర్లు లేకపోతే ఆ ప్రాణాలు నిలిచేవి కావు. నిజమే. కానీ ఎప్పుడు, ఏ ఊరు ఖాళీ చేయించాలో తెలియకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

"బొమ్మలు అమెరికా దగ్గర కొనుక్కుంటే పోలా?" అనేవారూ ఉన్నారు. ఇన్శాట్-1బి అమెరికాలోనే తయారై, వాళ్ల షటిల్‌లోనే వెళ్లింది. కానీ అడిగిందల్లా ఎవరూ ఇవ్వరు. బరువైన ఉపగ్రహాల్ని పైకెత్తే క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్ పరిజ్ఞానం ఇస్తానన్న రష్యా, అమెరికా ఒత్తిడికి 1993లో వెనక్కి తగ్గింది. ఆ ఇంజన్ మనమే చేసుకోవడానికి ఏళ్లు పట్టింది. 2016లో వాతావరణ ఉపగ్రహం ఇన్శాట్-3డిఆర్‌ను శ్రీహరికోట నుంచి మోసుకెళ్లింది ఆ సొంత ఇంజనే.

ఇక అన్నం సంగతి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వస్తోందని రోజుల ముందే తెలుసు. వేటకు వెళ్లొద్దన్న కబురు మత్స్యకారులకు ముందే అందింది. కోసి పనల మీద ఉన్న వరి మాత్రం నీళ్లలో నానింది. వేమూరు వైపు ఒక రైతు దోసిట్లోకి తీసి చూపిన గింజలకు తెల్లగా మొలకలొచ్చాయి. హెచ్చరిక అందింది, కప్పడానికి బరకాలే అందలేదు.

ఆ లోటు ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. అన్నం గురించి బెంగపడే పెద్దలారా, రాకెట్లను వదిలి ఈ లోటు గురించి అడగండి. అక్టోబరు దాటకముందే ప్రతి రైతు సేవా కేంద్రంలో బరకాలు, ధాన్యం ఆరబెట్టే యంత్రాలు దించమని అడగండి.