బ్రాయిలరు కోళ్ళకు మూలికల పొడి

విజయవాడ బెంజి సర్కిలునుండి గన్నవరమునకు పోవు త్రోవ ప్రక్కల గ్రామములలో బ్రాయిలరు కోళ్ళను పెంచు సభ్యులు మనలో గలరు. దాణాలో మూలికల పొడి కలిపినచో కోళ్ళు త్వరగా బరువెక్కునని చెప్పి సంచులమ్మువారు వీరి షెడ్లకు తరచుగా వచ్చుచున్నారు. కొనవచ్చునా యని పలువు రడుగుచున్నందున మా యభిప్రాయము నిచ్చట తెలుపుచున్నాము.

మూలికలను మేము తృణీకరించుట లేదు. కోళ్ళు బలియుటకై దాణాలో ఆంటిబయాటిక్కులు కలుపుటను ఐరోపా సమాఖ్యవారు 2006 జనవరి 1 నుండి మాన్పించిరి. మన కేంద్ర ప్రభుత్వము 2019 లో కొలిస్టిన్ అను మందును కోళ్ళకును దాణాకును నిషేధించెను. మనుష్యుని ప్రాణము మీదికి వచ్చినప్పు డక్కరపడు మందును కోళ్ళకు మేపుట తగదు గదా. ఆ స్థానమున పసుపు, వెల్లుల్లి, వాము, నేలవేము మున్నగువానిని పరీక్షించుట సమంజసమే. అవి ప్రేవులలోని చెడు సూక్ష్మజీవులను కొంత యణచునని పరీక్షలు తెలుపుచున్నవి. అయితే బరువు విషయమున నన్నియు నొక్కమాట చెప్పుట లేదు. కొన్నిట పెరిగినది, కొన్నిట భేదమే కానరాలేదు. తడిసిన ఊకపై, మురికినీటితో పెరుగు కోడికి ఏ పొడియు రక్ష గాదు.

ఇక లెక్క చూడుడు. వేయి కోళ్ళు రెండేసి కిలోలు తూగుటకు, కిలో బరువునకు 1.7 కిలోల చొప్పున, 3,400 కిలోల దాణా తినును. పొడివలన నా 1.7 తగ్గి 1.65 అయినచో మిగులునది 100 కిలోల దాణాయే. కలిపిన పొడి వెల యీ 100 కిలోల వెలకు మించెనా, కోళ్ళు బాగున్నను రైతు నష్టపోయినట్లే. అమ్మువా డొక బలిసిన కోడిని చూపును గాని యీ లెక్క చూపడు.

కావున షెడ్డు నడుమ వల కట్టి, ఒకే దినమున దింపిన పిల్లలను రెండు సగములుగా విడదీసి, ఒక సగమునకు మాత్రమే పొడి కలిపి పెట్టవలెను. వారమున కొకమారు ఇరువైపుల ఏబదేసి కోళ్ళను తూచి, తిన్న దాణాను, చచ్చిన పిల్లలను వ్రాసియుంచవలెను. చేతికి చిక్కినవానినే తూచిన తప్పు వచ్చును. ఒక మూలను వలతో చుట్టి, అందు పడినవాని నన్నిటిని తూచుడు. కంపెనీతో ఒడంబడిక చేసికొని పెంచువారు మాత్రము దాణా వారిదే గావున, వారి సమ్మతిలేక ఏమియు కలుపరాదు.

ఈ పరీక్షను సంఘమే అయిదారు షెడ్లలో నొకేసారి, గన్నవరపు పశువైద్య కళాశాలవారి సలహాతో జరుపుట మేలు. ఏ మూలిక యెంత పాలు గలదో సంచిపై వ్రాయని పొడిని పరీక్షకైనను కొనరాదు. పసుపు మనకు దుగ్గిరాలలోనే దొరకును. కొమ్ములు కొని మనమే విసరించుకొన్నచో రంగు కలిసినదను భయము కొంత తగ్గును. సమ్మతించు సభ్యులు వచ్చు బ్యాచి పిల్లలను దింపకమునుపే తమ పేరులను కార్యదర్శికి తెలుప గోరెదము.