హంతకుడికి విజిల్స్, ఇన్‌స్పెక్టర్‌కి జీతం కోత

మనవాళ్ళ దృష్టిలో డిటెక్టివ్ అంటే ఎవరండీ? కోటీశ్వరుల బంగళాకి అతిథిగా వెళ్ళి, వాళ్ళిచ్చిన టీ తాగి, ఆఖర్న అందర్నీ హాల్లో కూర్చోబెట్టి "హంతకుడు నువ్వే" అని వేలు చూపించేవాడు. పొయిరో ఆ బాపతే. అసలు ఆ ఇంట్లోకి అంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగడం ఆయన పని కాదు.

ఏథెన్స్ ఇన్‌స్పెక్టర్ కోస్తాస్ హరితోస్‌కి ఆ సుఖం లేదు. పెత్రోస్ మార్కారిస్ 1995లో మొదలెట్టిన నవలల్లో హీరో ఈయన (హీరో అనడం కూడా ఎక్కువేలెండి). పడుకునేముందు డిక్షనరీలు చదివే పిచ్చి, భార్య ఆద్రియానీ చేసే కూరిన టమాటాలంటే ప్రాణం. పెద్దింటి గడప తొక్కితే చాలు, బాస్ గీకాస్‌కి పైనుంచి ఫోన్. మన భాషలో చెప్పాలంటే టికెట్ ఈయన పేరు మీద, ఎస్కలేషన్ అవతలివాళ్ళ చేతిలో. పోనీ కడిగిన ముత్యమా అంటే అదీ కాదు. 1967-74 మధ్య సైనిక పాలనలో ఖైదీలకి కాపలా కాసినవాడు.

"ఇంత చప్పగా ఉంటే ఎలా? పెద్దోళ్ళని చితక్కొట్టేవాడు కావాలి" అంటారు మనవాళ్ళు. మరి 1996లో 'భారతీయుడు'కి, 2005లో 'అపరిచితుడు'కి విజిల్స్ వేసిన జాతి కదా! సరిగ్గా వాళ్ళకోసమే రాసినట్టుంటుంది 2011లో వచ్చిన 'పెరెయోసి'. అంటే పన్ను బకాయిల సెటిల్‌మెంట్. మనకి ఆ మాటకున్న ఇంకో అర్థం కూడా ఈ కథకి అతికినట్టు సరిపోతుంది.

గ్రీసు అప్పుల్లో మునిగిపోయిన కాలం. పన్ను ఎగ్గొట్టిన సంపన్నులకి ఒకడు ఉత్తరాలు రాస్తాడు: ఇంత బాకీ, ఇన్ని రోజుల్లో కట్టు. కట్టకపోతే సోక్రటీసుకిచ్చిన విషం హెమ్లాక్‌తో చంపేసి, శవాన్ని పురాతన శిథిలాల దగ్గర పడేస్తాడు. భయపడి మిగతావాళ్ళు పరుగెత్తుకెళ్ళి పన్ను కట్టేస్తారు. అప్పుడు హంతకుడు ప్రభుత్వాన్ని అడుగుతాడు: వసూలు చేసిపెట్టాను, నా పది శాతం కమీషన్ ఏదీ?

జనం చప్పట్లు కొడతారు. చదివేవాడూ కొడతాడు. జీతంలో కోత పడిన హరితోస్ మాత్రం వాణ్ణి పట్టుకోడానికి తిరగాలి.

"అలాంటివాడికి మెడల్ ఇవ్వాలిగానీ పట్టుకోవడమేంటి?" అనేవాళ్ళతోనే నా గొడవంతా. వీడు కొత్తగా కనిపెట్టిందేముంది? ఆ బాకీల వివరాలన్నీ ప్రభుత్వం కంప్యూటర్లలో ఉన్నవే. లోపం డేటాలో లేదు, దాన్ని తెరవాల్సినవాడు తెరవకపోవడంలో ఉంది. హంతకుడొచ్చి ఆ పని చేసేస్తుంటే ప్రభుత్వానికి హాయి. డబ్బొస్తుంది, నిందా రాదు. ఇన్నేళ్ళూ ఫైలు మీద కూర్చున్న ఆఫీసర్ ఎవడో, వాడికి ఫోన్ చేసిన మంత్రి ఎవడో ఎవరూ అడగరు. శవాలు లెక్కపెట్టే హడావిడిలో సంతకాలు మర్చిపోతాం.

ఇదంతా కథే అంటారా, అయితే నిజం వినండి. జెనీవాలో హెచ్‌ఎస్‌బీసీ ఖాతాలున్న రెండు వేల పైచిలుకు గ్రీకుల జాబితాని 2010లో ఫ్రాన్స్ మంత్రి క్రిస్టీన్ లగార్డ్ గ్రీసుకిచ్చారు. రెండేళ్ళు కదలిక లేదు. 2012 అక్టోబరులో ఆ పేర్లు అచ్చేసిన పత్రికా సంపాదకుడు కోస్తాస్ వక్సెవానిస్‌ని మాత్రం వెంటనే అరెస్టు చేశారు! కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. జాబితాలోంచి తన బంధువుల పేర్లు తీసేయించినందుకు మాజీ ఆర్థికమంత్రి పాపకాన్‌స్టాంటినూకి 2015లో పడింది ఏడాది శిక్ష, అదీ సస్పెండెడ్. ఇక్కడ కావలసింది విషమా, ఫైలు తెరిచే గుమాస్తానా?

'పెరెయోసి' మొదట్లోనే ఇంకో సంగతుంది. నలుగురు పెన్షనర్ ముసలమ్మలు బతకలేక కలిసి ఆత్మహత్య చేసుకుంటారు. వాళ్ళకోసం పైనుంచి ఫోన్ చేసేవాడు లేడు. విజిల్స్ వేసేవాళ్ళకి ఆ పేజీలు గుర్తే ఉండవు, హెమ్లాక్ మాత్రం గుర్తుంటుంది.

2012 నాటి తర్వాతి నవలలో గ్రీసు యూరో వదిలేసి మళ్ళీ ద్రాక్మాకి వెళ్ళినట్టు ఊహించాడు మార్కారిస్. అందులో ప్రభుత్వోద్యోగుల జీతాలు మూడు నెలలు ఆపేస్తారు. ఆద్రియానీ ఉన్నదాంట్లోనే అందరికీ వండి పెడుతుంది. హరితోస్ పొద్దున్నే లేచి డ్యూటీకి వెళ్తాడు, ఈసారి చచ్చినవాడు పెద్ద కాంట్రాక్టరు.