గాజుతొట్టెలో మత్స్యన్యాయం



ముప్పదియారేండ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి చేపల పెంపకంతో ఏమి పని అని మీకు తోచవచ్చు. మొదట నాకూ అలాగే తోచింది. అయితే గడచిన రెండేండ్లలో మా యింటి ముందుగదిలోని ఒక గాజుతొట్టె నాకు నేర్పిన పాఠం, నేను తరగతిలో ఎన్నోమార్లు చెప్పి ఒక్కనాడూ సరిగా అర్థం చేసుకోని పాఠం. అందుకే ఈ టపా.

భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ మీకందరికీ తెలిసినదే. సత్యవ్రతుడనే రాజర్షి కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా ఆయన దోసిటిలోకి ఒక చేపపిల్ల వచ్చింది. తిరిగి నీటిలో విడువబోగా, తన జాతివే తనను చంపుతాయని అది మొరపెట్టుకుంది. రాజు జాలిపడి కమండలువులో ఉంచి ఆశ్రమానికి తెచ్చాడు. ఒక్క రాత్రికే కమండలువు చాలలేదు. తరువాత పెద్ద కడవ, ఆపై కొలను, ఆపై మడుగులు, చివరకు సముద్రం. ఈ కథను నేను విష్ణుమహిమగానే చెప్పేవాణ్ణి. చేపలు పెంచేవాని కంటితో చూస్తే ఇందులో రెండు హెచ్చరికలు కనబడతాయి. చేప చేపను తింటుంది. చేప పెరుగుతుంది. ఈ రెండూ మరచినందువల్లనే మా తొట్టె చెడింది.

మా అమ్మాయి కొడుకు, తొమ్మిదేండ్లవాడు, కడపలో మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. వాడి పుట్టినరోజుకు 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టె కొన్నాను. అంచుదాకా పోస్తే సుమారు 56 లీటర్లు పడుతుంది. అదే దుకాణంలో, అదే సాయంత్రం, వాడు వ్రేలు చూపిన చేపనల్లా కొన్నాను. ఆరు నియాన్ టెట్రాలు, రూపాయి బిళ్లంత ఏంజెల్ చేపలు రెండు, గోల్డ్‌ఫిష్‌లు రెండు, గప్పీల జంట ఒకటి, అద్దానికి పట్టిన పాచి తింటుందని చెప్పి ఇచ్చిన సక్కర్ చేప ఒకటి. అన్నీ కలిసి ఉంటాయా అని అడిగాను. "ఉంటాయి సార్" అన్నాడు అమ్మినవాడు. అతనిని తప్పుపట్టను. ఒక పదానికి అర్థం సందేహమైతే నాలుగు నిఘంటువులు తిరగవేసే నేను, పదమూడు ప్రాణాల విషయంలో ఒక్క పుస్తకమైనా తెరవలేదు.

పదిరోజులలో నియాన్లు రెండు చనిపోయాయి. వేసవిలో ఒక గోల్డ్‌ఫిష్ పోయింది. అయిదవ నెలలో ఒక ఉదయం చూస్తే, మిగిలిన నాలుగు నియాన్లలో ఒక్కటీ లేదు. ఏంజెల్ చేపలు రెండూ బాగా ఎదిగి, కడుపులు ఉబ్బి, హుందాగా తిరుగుతున్నాయి. మా మనుమడు తొట్టెలోని రాళ్ల సందులలో వెదికాడు, బల్ల క్రింద వెదికాడు. చివరకు నా దగ్గరకు వచ్చాడు.

"తాతా, ఇవే తినేసినాయా?"

"అది వాటి స్వభావం నాయనా" అన్నాను.

"మరి మనకు ముందే తెలీదా?"

నా వద్ద సమాధానం లేదు. స్వభావం అనే మాటతో చేపల మీదికి నెట్టిన తప్పు, వాడి ప్రశ్నతో తిరిగి నా దగ్గరకే వచ్చింది.

పెద్ద చేప చిన్న చేపను మ్రింగడాన్ని మన పెద్దలు మత్స్యన్యాయం అన్నారు. దండం లేనిచోట బలవంతుడు బలహీనుని మ్రింగుతాడని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఈ మాటనే వాడాడు. అది అరాజకానికి పేరు. మరి గాజుతొట్టె అరాజకమా? దానికి నీరు పోసినవాడు ఉన్నాడు, మేత వేసేవాడు ఉన్నాడు, ఎవరు ఎవరితో ఉండాలో నిర్ణయించినవాడు ఉన్నాడు. నదిలో చిన్న చేపకు పారిపోవడానికి దూరమైనా ఉంటుంది. రెండడుగుల గాజుగోడల మధ్య ఆ దూరాన్ని తీసివేసినది మనమే. అయితే ఈ రాజు చేతిలోని దండం ఒక్కరోజే పనిచేస్తుంది. అది చేపలను ఎంచుకునే రోజు. ఆ తరువాత ఏంజెల్ చేపకు నీతిచంద్రిక చదివి వినిపించినా ప్రయోజనం లేదు. కనుక ఎంపికలో చేసిన తప్పును స్వభావం అనడం పెంచేవానికి తగదని నా అభిప్రాయం.

ఎలా ఎంచుకోవాలి? తరువాత చదివి, చూచి, నష్టపడి తెలుసుకున్నదానిని పాత అలవాటు కొద్దీ నాలుగు మాటలుగా కూర్చుకున్నాను: నీరు, నోరు, తీరు, బారు.

మొదటిది నీరు. చేపను ఎంచుకునే ముందు మన కుళాయిలో వచ్చే నీరు ఎలాంటిదో తెలుసుకోవాలి. మా బోరునీరు కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టే కఠినజలం. నియాన్ టెట్రాలు అమెజాన్ ప్రాంతపు వాగులవి. అక్కడి నీటిలో లవణాలు చాలా తక్కువ, కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. గప్పీ, ప్లాటీ, మోలీ, స్వోర్డ్‌టెయిల్ వంటి పిల్లలను కనే చేపలకు కఠినజలమే హితం. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలకు క్షారగుణం గల నీరు కావాలి. గోల్డ్‌ఫిష్ చైనాలో కార్పు జాతి నుండి శతాబ్దాల పెంపకం వల్ల వచ్చినది. దానికి చల్లని నీరు ఇష్టం, మలినం ఎక్కువ చేస్తుంది. మా వేసవిలో 30 డిగ్రీలు దాటిన నీటిలో కరిగిన ప్రాణవాయువే తక్కువ. అంత చిన్న తొట్టెలో అది ఎలా బ్రతుకుతుంది?

దీనికి తోడు కొత్త తొట్టె దోషం ఒకటి ఉంది. చేపల మలినం నుండి అమ్మోనియా పుడుతుంది. దానిని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు వడపోత యంత్రంలోనూ గులకరాళ్ల మీదా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నేను తొలిరోజునే పదమూడు చేపలను పోశాను. మా మొదటి రెండు నియాన్లను చంపినది కఠినజలమో, అమ్మోనియాయో, రెండూనో. ఏదైనా నా తొందర వల్లనే.

రెండవది నోరు. నోట పట్టే చేప ఏదైనా మేతే. దుకాణంలో కనబడే నోటిని గాక, పూర్తిగా పెరిగిన తరువాతి నోటిని లెక్కలోకి తీసుకోవాలి. రూపాయి బిళ్లంత ఏంజెల్ చేప 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నియాన్ టెట్రా పూర్తిగా పెరిగినా 4 సెంటీమీటర్లు దాటదు. ఈ లెక్క మూడవ తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. నేను చేయలేదు.

మూడవది తీరు, అనగా నడవడి. అన్ని తగవులూ ఆకలివల్ల రావు. టైగర్ బార్బ్ చిన్న చేపే, ఎవరినీ మ్రింగదు. కానీ పొడవైన రెక్కలు కనబడితే కొరకకుండా ఉండలేదు. ఏంజెల్, గప్పీ, ఫైటర్ దానికి తగిన తోడు కావు. ఫైటర్ చేపలలో మగవి రెండింటిని ఒకచోట ఉంచరాదని చాలామందికి తెలుసు. వెడల్పు తోక గల మగ గప్పీని చూచి కూడా అది ప్రత్యర్థి అనుకొని మీద పడవచ్చునని తక్కువమందికి తెలుసు. ఇక మనవైపు వాస్తు పేరిట ఇండ్లలో చేరిన ఫ్లవర్‌హార్న్ సంగతి. అది 1990లలో మలేషియాలో సంకరం చేసి పుట్టించిన చేప. వాస్తు విషయంలో ఎవరి నమ్మకం వారిది, దాని జోలికి నేను పోను. కానీ దానికి తోడుగా మరే చేపనూ వేయకండి. ఒంటరిగా ఉండడమే దానికి సుఖం.

నాలుగవది బారు. కొంగల బారు అన్నట్లే చేపల బారు. నియాన్లు, జీబ్రా డేనియోలు, బార్బ్‌లు, అడుగున తిరిగే కోరిడోరాలు గుంపులో బ్రతికే జాతులు. కనీసం ఆరేసి ఉండాలి. ముచ్చటకు ఒకటి, రంగుకు ఒకటి అని తెస్తే ఆ ఒంటరి చేప బెదరి మూలన దాగుతుంది, రంగు తగ్గుతుంది. టైగర్ బార్బ్‌లను కూడా ఎనిమిదీ పదీ కలిపి ఉంచితే వాటి కయ్యాలు చాలావరకు వాటిలోవాటికే సరిపోతాయి. గప్పీల లెక్క వేరు. జంటగా అమ్మడం మనకు చూడముచ్చట. మగది మాత్రం ఆడదానిని క్షణం నిలువనీయక తరుముతుంది. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటే ఆ బాధ పంచుకోబడుతుంది.

ఇది చెప్పినప్పుడు ఒక మిత్రుడు నవ్వి, "మా యింట ఏంజెల్, నియాన్ కలిసి ఏండ్లుగా ఉన్నాయి, ఏమీ కాలేదు" అన్నాడు. నిజమే. పెద్ద తొట్టె, కడుపునిండా మేత, ముందే ఎదిగిన నియాన్లు ఉంటే అలా జరుగవచ్చు. వ్యాకరణంలో సూత్రం వైకల్పికమైతే రెండు రూపాలూ సాధువులే. ఇక్కడ వైకల్పికమంటే ఒక రూపంలో చేప ఉంటుంది, రెండవ రూపంలో ఉండదు. చిన్నదాని ప్రాణాన్ని పణంగా పెట్టి ఆ వికల్పాన్ని పరీక్షించే అధికారం మనకు ఉన్నదా అన్నదే నా ప్రశ్న. పిల్లనిచ్చేముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసే జాతి మనది. చేప కొనేముందు అది ఎంత పెరుగుతుందని ఒక్క మాట అడిగితే మన గౌరవం తగ్గదు.

సక్కర్ చేప మాట మిగిలింది. అద్దం శుభ్రం చేసే పనివాని వలె అమ్మే ఈ దక్షిణ అమెరికా చేప 30 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. మా తొట్టె వెడల్పే అంత. పట్టనప్పుడు జనం ఏమి చేస్తున్నారు? పుణ్యమనుకొని చెరువులో వదులుతున్నారు. ఆ జాతి నేడు మన జలాలలో పెరిగి, ఒంటిమీది ముళ్లతో జాలరుల వలలు చింపుతోంది, స్థానిక చేపల తావులు ఆక్రమిస్తోంది. తూర్పు కనుమల జలాశయాల నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి ఇది ఎంతగా వ్యాపించిందో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2023లో వెల్లడించారు. సత్యవ్రతుడు విడిచినది సముద్రంలో చోటు గల చేపను. మన చెరువు ఈ చేపకు పుట్టిల్లు కాదు. ఈ ఒక్క విషయంలో ఆయనను అనుకరించవద్దు. తొట్టెకు మించిన చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టె గలవారికి ఇవ్వండి.

నేనూ అదే చేశాను. ఏంజెల్ చేపలూ సక్కరూ నాలుగడుగుల తొట్టె గల ఒక పూర్వ విద్యార్థి ఇంటికి చేరాయి. మిగిలిన గోల్డ్‌ఫిష్ వేపచెట్టు నీడన పెద్ద సిమెంటు తొట్టి ఉన్న మరొకరి పెరటికి వెళ్లింది. అప్పటికే ముసలిదైన గప్పీల జంట ఆ చలికాలంలో పోయింది. ఇప్పుడు మా తొట్టెలో ఎనిమిది జీబ్రా డేనియోలు, మూడు ప్లాటీలు, దట్టంగా నాచు. డేనియోలు మన ఉపఖండపు వాగులవే, మా బోరునీటికి బెదరవు. అడుగుభాగం ఖాళీగానే ఉంచాను. మత్స్యన్యాయం పూర్తిగా తొలగిందని చెప్పను. ప్లాటీ తాను కన్న పిల్లలనే తింటుంది. నాచులో దాగినవి కొన్ని మిగులుతాయి. ఈ సంగతి ఈసారి మనుమడికి ముందే చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే నాచు ఇంకా వేద్దాం" అన్నాడు.

మొన్న నాచు కొనడానికి ఇద్దరమూ ఆ దుకాణానికే వెళ్లాం. ఎర్రని చేప ఒకటి వాడిని బాగా ఆకర్షించింది. చాలాసేపు దాని ముందే నిలిచాడు. కొనిపెట్టమని నన్ను అడుగుతాడని జేబులో చేయి పెట్టుకున్నాను. వాడు అమ్మేవాని వైపు తిరిగి, "అన్నా, ఇది పెద్దయినాక ఎంత అవుతుంది?" అని అడిగాడు. అతడు రెండు చేతులూ చాచి చూపాడు. వాడు చేపకు టాటా చెప్పి, నాచు పొట్లం పట్టుకొని బయటకు నడిచాడు.

స్వస్తి.