బండి ఉండనివ్వండి.. పొగ, పొడి గడప దాటనివ్వకండి

పెద్దాయన రిటైరయ్యారు. వేలంలో వచ్చిన పాత మిలటరీ బండి ఒకటి కొన్నారు. అది పోర్టికోలోకి వచ్చింది, ఇంటి కారు వీధిలోకి పోయింది. పొద్దున టిఫిన్ అయ్యాక బండి కింద దూరిన మనిషి భోజనానికి పిలిచేదాకా బయటికి రారు. ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అని భార్య, ‘ఇప్పటికి ఎంత పోశారో లెక్క చూశారా’ అని కొడుకు.

ఇలాంటి ఇళ్లలో తగాదా డబ్బు గురించి, మసి గురించి జరుగుతుంది. వైద్యుడిగా నా అభిప్రాయం వేరు. ఈ సరదా మంచిదే, మాన్పించకండి. భయపడాల్సినవి నాలుగున్నాయి: పొగ, పొడి, పీడనం, బరువు. వాటి గురించి మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

మా బడంగ్‌పేట్, బాలాపూర్ వైపు కాలనీల్లో సైన్యంలోనో, కంచన్‌బాగ్ రక్షణ సంస్థల్లోనో పనిచేసి వచ్చి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో సైన్యం బండ్ల మరమ్మతు నేర్పే ఈఎంఈ కళాశాల ఉంది. 1959లో మన దేశంలో తయారీ మొదలైన శక్తిమాన్ ట్రక్కు, జబల్‌పూర్‌లో తయారైన జోంగా, నిస్సాన్ వన్‌టన్, విల్లీస్ జీపు.. ఈ పేర్లు వింటేనే కళ్లు వెలిగే తరం అది. ఇష్టం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

మందుచీటీలో రాయలేనిది

అరవై దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పార్కులో నడవమంటే వారంలో మానేసే మనిషి, బండి దగ్గర వంగి లేచి, స్పానరు తిప్పి, చక్రం దొర్లించి ఆ పని తెలియకుండానే చేసేస్తారు. స్పేర్ పార్టు కోసం నలుగురికి ఫోన్ చేస్తారు. రేపు ఏం చేయాలో ఆలోచించుకుని పడుకుంటారు. ఉద్యోగం పోయాక మగవాళ్లకు కరవయ్యేవి ఇవే: పని, తోడు, రేపటి గురించి ఆలోచన. ఆస్ట్రేలియాలో 1990ల్లో ‘మెన్స్ షెడ్స్’ పేరుతో పెద్దవాళ్లు కలిసి కూర్చుని చెక్కపనీ, మరమ్మతులూ చేసుకునే చోట్లు మొదలైంది ఈ ఆలోచనతోనే.

పొగ: ఆక్సీమీటరు మోసం చేస్తుంది

మన కాలనీ ఇళ్ల నమూనా గుర్తు చేసుకోండి. కింద పార్కింగ్, మూడు వైపులా గోడ, ముందు షట్టరు, పైన పడకగది కిటికీ. ఇంజిన్ ట్యూనింగ్‌కు పావుగంట రన్నింగ్‌లో పెడితే పొగ ఎక్కడికి పోతుంది?

పాత పెట్రోలు ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. గ్యాస్ అనో, ఎండ దెబ్బ అనో అనుకుని ఆయన అక్కడే కాసేపు కూర్చుంటారు. అదే ప్రాణం మీదికి తెస్తుంది. కోవిడ్ కాలంలో కొన్న ఆక్సీమీటరు వేలికి పెడితే 98 చూపిస్తుంది. ఈ విషవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌ను ఆ పరికరం ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేస్తుంది. దాన్ని నమ్మకండి. మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి. మామూలు గాలిలో ఈ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర చాలు.

డీజిల్ బండి అయితే ఫర్వాలేదనుకోవద్దు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. నియమం ఒక్కటే: ఇంజిన్ స్టార్ట్ చేయాలంటే బండి ఆరుబయట ఉండాలి. షట్టరు సగం తీయడం చాలదు.

పొడి: ముప్పు తాతకన్నా మనవడికే

పాత బండ్ల బ్రేక్ లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. సిమెంటు రేకుల్లో వాడిన పదార్థమే అది. డ్రమ్ము విప్పి ఎయిర్ పైపుతో ‘ఉఫ్’మని ఊదడం మన మెకానిక్కుల అలవాటు. ఆ పొడిలోని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగి ఉండిపోతాయి. జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. అరవై అయిదేళ్ల తాతకు అంత వ్యవధి లేకపోవచ్చు. పక్కన నిలబడి టార్చి పట్టుకున్న ఆరేళ్ల మనవడికి ఉంది.

రంగు సంగతీ అంతే. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకు దశాబ్దాల ముందు బండికి పొరలు పొరలుగా వేసిన రంగులో సీసం ఉందనే అనుకోవాలి. దాన్ని పొడిగా గీకితే ఆ దుమ్ము బట్టలకు, చేతులకు అంటి ఇంట్లోకి వస్తుంది. పిల్లల మెదడుకు సీసం ఇంత మేర ఫర్వాలేదు అనే హద్దు లేదు.

కాబట్టి ఊదవద్దు, పొడిగా గీకవద్దు, చీపురుతో ఊడ్వవద్దు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయండి. ఆస్బెస్టాస్ దగ్గర గుడ్డ మాస్కు పనికిరాదు. బ్రేకు, క్లచ్ పని బయట షాపులో చేయించండి, అక్కడా ఊదవద్దని చెప్పండి. పనిబట్టలు విడిగా ఉతకండి. ఆ పని జరిగేటప్పుడు పిల్లలు, గర్భిణులు దగ్గర ఉండకూడదు.

పీడనం, బరువు: క్షణంలో జరిగేవి

కారు టైరులో గాలి రెండు బార్ల చుట్టూ ఉంటుంది. పాత డీజిల్ ఇంజిన్ నాజిల్ దగ్గర పీడనం వంద బార్లకు పైనే. ఆ సన్నని ధార వేలికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చ, పెద్దగా నొప్పి ఉండదు. లోపల మాత్రం కండ కుళ్లడం మొదలవుతుంది. పసుపు పెట్టి కట్టుకట్టి తెల్లారాక చూద్దామనుకుంటే వేలు దక్కకపోవచ్చు. అది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన గాయం. లీకేజీని చేత్తో తడిమి చూడకండి, అట్టముక్క పెట్టి చూడండి.

ట్రక్కు చక్రాలకు లాక్ రింగు ఉంటుంది. కొన్ని మిలటరీ జీపుల చక్రాలు రెండు ముక్కలుగా బిగించి ఉంటాయి. గాలి పూర్తిగా తీయకుండా విప్పితే ఆ ఇనుము తూటాలా లేస్తుంది. ఆ పని టైర్ల షాపుకే వదిలేయండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకండి. గట్టి నేల, రెండు వైపులా స్టాండ్లు, ఇంట్లో ఇంకో మనిషి.. మూడూ ఉండాలి. గేర్‌బాక్సు దించడానికి చైన్ పుల్లీ కావాలి, నడుము కాదు.

షుగరు, బీపీ ఉన్నవాళ్లకు

షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గితే, వేడి సైలెన్సరు తగిలినా, ఇనుప రజను గుచ్చుకున్నా తెలియదు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. పని అయ్యాక పాదాలు చూసుకోవాలి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు తుప్పు పట్టిన నట్టు మీద ఊపిరి బిగబట్టి బలం చూపకూడదు. తుప్పు వదిలించే నూనె పోసి రేపటిదాకా ఆగండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి చిన్న కోతైనా ఎక్కువ కారుతుంది. పదేళ్లకోసారి టీటీ వేయించుకోండి. లోతుగా, మట్టిపడ్డ గాయమై, చివరి టీకాకు అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. బ్యాటరీ యాసిడ్ కంట్లో పడితే ముందు కనీసం పావుగంట నీళ్లతో కడిగి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరండి.

‘రిటైర్డ్’ అంటే చాలదు

ఓపీలో వృత్తి అడిగితే మీరు ‘రిటైర్డ్’ అంటారు. రద్దీలో డాక్టరు అక్కడితో ఆగుతారు. రోజుకు నాలుగు గంటలు పొగలో, పొడిలో ఉంటున్నారన్న సంగతి చీటీ మీదికి ఎక్కదు. తగ్గని దగ్గుకు, సాయంత్రమయ్యేసరికి వచ్చే తలనొప్పికి, చేతుల మీద దురదకు కారణం అక్కడే ఉండవచ్చు. డాక్టరు అడిగేదాకా ఆగకండి. ‘నేను పాత బండి బాగుచేస్తుంటాను’ అని మీరే చెప్పండి.

చివరగా ఇంట్లోవాళ్లకు ఒక మాట. ‘అమ్మేయండి’ అనడం తేలిక. ఆ తర్వాత ఆయన రోజంతా టీవీ ముందు కూర్చుంటే దాని ఖరీదు ఎవరు కడతారు? ఇలాంటి సరదా ఉన్న నాలుగైదు కుటుంబాలు కలిస్తే నాదర్‌గుల్ వైపో, తుక్కుగూడ వైపో నాలుగు వైపులా గాలాడే షెడ్డు ఒకటి అద్దెకు తీసుకోవచ్చు. ఇల్లు శుభ్రంగా ఉంటుంది, బండి కింద ఒంటరి మనిషి ఉండరు, ఆపద వస్తే లాగేందుకు పక్కన చేతులుంటాయి. మరమ్మతు ఖర్చులో మొదటి పద్దు ఆ అద్దే కావాలి.